తీపి మరిగిన సున్నం

సున్నానికి ఆకలి వేస్తుందని మా ఆవిడ చెప్పినప్పుడు ఆర్థిక శాఖ కార్యదర్శి దక్షిణామూర్తి గారు నవ్వలేదు. ఆయన నవ్వే మనిషి కాదు. ఏటా ఫైలు చంకలో పెట్టుకుని ఆయన గది ముందు కాళ్ళు పడిపోయేదాకా నిలబడ్డవాణ్ణి కనుక ఆ సంగతి నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

నేను కాలువల ఇంజనీరుని. పేరు విశ్వపతి. గోదావరి డెల్టాలో వెదురుపాలెం లాకులు నా అధీనంలో ఉన్నాయి. లాకు చూడనివాళ్ళ కోసం ఒక్క మాట. కాలువ ఎత్తు నుంచి పల్లానికి దిగే చోట పడవలకు కట్టిన మెట్టు అది. పడవ రెండు రాతిగోడల మధ్యకు వస్తుంది. వెనక తలుపులు మూస్తారు. ముందు నుంచి నీళ్ళు మెల్లగా వదులుతారు. నీటితోపాటు పడవ కూడా కిందికి దిగుతుంది. అప్పుడు ముందు తలుపులు తీస్తే తన దారిన తను పోతుంది. తెల్లదొరల కాలంలో కట్టారు. ఇప్పటికీ కింద లంకల్లో తాగేనీరు, సాగునీరు, సరుకు రవాణా అన్నీ దాని మీదే.

రోడ్ల మీద లారీ నడపడం దండగైపోయాక సరుకంతా మళ్ళీ పడవలెక్కింది. ధాన్యం, కొబ్బరికాయలు, సిమెంటు వేసుకుని బ్యాటరీ పడవలు పొద్దస్తమానం మా లాకు ముందు బారులు తీరుతున్నాయి. పని పెరిగింది, పనిచేసేదానికి వయసు మీరింది. గోడల్లో నెర్రెలు. టేకు తలుపుల ఇనప పట్టీలకు తుప్పు. ఒక తలుపు తెరవాలంటే నలుగురు లస్కర్లు, అంటే లాకు పనివాళ్ళు, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి చక్రం తిప్పాలి. కొత్త తలుపులు, మోటార్లు, గోడలకు మరమ్మతు కావాలని నేను ఏటా రాసేవాణ్ణి. వచ్చే బడ్జెట్లో చూద్దామని వాళ్ళు ఏటా చెప్పేవాళ్ళు. ఆ మాట విని విని, ఇంట్లో కూర అడిగినా వచ్చే బడ్జెట్లో చూద్దాం అనడం మా ఆవిడకి అలవాటైంది.

మా ఆవిడ దమయంతి సూక్ష్మజీవుల శాస్త్రవేత్త. రాజమండ్రిలో అద్దె భవనంలో చిన్న ప్రయోగశాల. అక్కడ ఆమె, కొన్ని గాజు జాడీలు, ఒక ఫ్రిజ్. ఆ రోజు నా ఫైలు వెంట ఆమె కూడా వచ్చింది, ఒక గాజు తొట్టి ఒళ్ళో పెట్టుకుని. తొట్టిలో కాలవ నీళ్ళు. నీళ్ళలో మా లాకు గోడ నుంచి ఊడిన ఇటుక, దాని మధ్య వేలు పట్టేంత పగులు.

దమయంతి సంచిలోంచి చిన్న బెల్లం ముక్క తీసి తొట్టిలో వేసింది.

"టీ తాగండి సార్. అయ్యేలోపు అదీ తాగేస్తుంది" అంది.

టీ వచ్చింది. కార్యదర్శి గారు కప్పు అందుకున్నారు కానీ కళ్ళు తొట్టి మీదే ఉన్నాయి. ముందు పగులు అంచుల్లో పాలమీగడ లాంటి పొర కట్టింది. తర్వాత ఆ పొర మందమైంది. రెండు అంచులూ ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వచ్చి కలుసుకున్నాయి. ఆయన కప్పు పక్కన పెట్టి, చొక్కా చెయ్యి మడిచి, నీళ్ళలో చెయ్యి పెట్టి గోటితో గీకి చూశారు. గోరు అరిగింది కానీ అది రాలేదు.

"ఏమిటిది?" అన్నారు.

"కంటికి కనపడని జీవి సార్. నీళ్ళలో కరిగి ఉన్న సున్నాన్ని పట్టుకుని రాయి చేస్తుంది. తీపి ఉన్నంతసేపూ పని. తీపి అయిపోతే నిద్ర. పూర్వం మన తాపీ మేస్త్రీలు గానుగసున్నంలో బెల్లం నీళ్ళు కలిపేవాళ్ళు కదా, ఆ పాతగోడ లోపలే ఇది దొరికింది. పని చురుగ్గా చెయ్యడం మాత్రం నేను నేర్పాను."

"అంటే గోడ తన మరమ్మతు తనే చేసుకుంటుంది."

"అవును సార్" అంది దమయంతి. ఆ 'అవును'లో ఎంత గర్వం ఉందో నాకు తెలుసు. పక్కన కూర్చుని నేనూ గర్వపడ్డాను. ఆ గర్వం ఎంతోసేపు నిలవలేదు.

దక్షిణామూర్తి గారు నా ఫైలు మూసి పక్కకు జరిపారు. "రాష్ట్రంలో లాకులూ ఆనకట్టలూ అన్నీ ముసలివైపోయాయి విశ్వపతి గారూ. అన్నింటికీ కొత్త తలుపులు బిగించాలంటే ఖజానా ఊడ్చి పెట్టాలి. ఇన్నాళ్ళూ మీకు లేదని చెప్పలేక తిప్పాను. ఇప్పుడు చెప్పగలను. మీ శ్రీమతి గారి సున్నం ఉండగా ఈ పథకమే అవసరం లేదు."

"సార్, సున్నం గోడకి పనికొస్తుంది. తలుపు ఇనుము. మోటారు మోటారే" అన్నాను.

"గోడ నిలబడితే తలుపుకి తొందరేముంది? ఈ వేసవిలో మీ లాకు మీద పెట్టి చూపించండి. నీళ్ళు వదిలిన రోజున నేనే వస్తాను. నెగ్గితే అన్ని లాకులకూ ఇదే. మేడమ్ గారికి సొంత భవనంతో పరిశోధన సంస్థ. ఆ డబ్బు ఈ బడ్జెట్లోనే పెట్టిస్తాను."

నేను నా ఫైలు తిరిగి చంకలో పెట్టుకున్నాను. దమయంతి మొహం మాత్రం దీపం పెట్టినట్టు వెలిగింది.

సచివాలయం నుంచి తిరిగొచ్చేటప్పుడు మా కారు ఏలూరు దాటింది. నేనే మాట మొదలుపెట్టాను.

"నా తలుపులు మింగేశావు దమయంతీ."

"నేనేం మింగానండీ? ఆయన అన్నారు."

"నువ్వు ఒక్క మాట అడ్డం చెప్పలేదుగా."

ఆమె కిటికీ వైపు తిరిగింది. "నాకిది కావాలండీ" అంది. "ఇన్నేళ్ళూ జాడీల్లోనే బతికాను. నేను చేసింది ఒక్కటైనా బయట నిలబడాలి. మనుషులు దాని మీద నడవాలి. అది చూడాలి. అత్యాశా ఇది?"

అత్యాశ కాదు. కాదని నాకూ తెలుసు. అందుకే కోపం ఇంకా ఎక్కువైంది.

వేసవిలో కాలువలు కట్టేశారు. ఏటా ఏప్రిల్‌లో బ్యారేజి దగ్గర నీళ్ళు ఆపేస్తారు. మరమ్మతులకు అదొక్కటే అదను. కాలవ ఎండి అడుగు బయటపడింది. పడవలు బురదలో పక్కకి ఒరిగి పడుకున్నాయి. లాకు లోపలికి నిచ్చెన వేసుకుని దిగితే, మామూలు రోజుల్లో ఎవరికీ కనపడని గోడ పాదాలు కనిపిస్తాయి. దమయంతి రబ్బరు బూట్లు వేసుకుని, చీర కుచ్చిళ్ళు పైకి దోపి, మందు కొట్టే పంపు వీపుకి తగిలించుకుని గోడలకు తన జీవిని పట్టించింది. గోడ తడారకుండా లస్కర్లు నీళ్ళు చల్లుతుంటే, ఒక చిన్న సీసా మూతతో బెల్లం నీళ్ళు కొలిచి పోసేది. మూతకి మించి చుక్క పడనిచ్చేది కాదు.

ఆ మూత చూసి నవ్వినావిడ భూలక్ష్మి. కాలువ చివర ఉన్న కొసలంక ఆవిడది. ఆ చివరి ఊళ్ళ నీటి సంఘానికి అధ్యక్షురాలు, రెండు పడవలకు యజమాని. నీటి కోసం మా ఆఫీసులో ఆవిడ వేసిన కేకలకు గోడ గడియారం ఆగిపోయిందని మా గుమాస్తా అంటాడు.

"అదేటండీ మేడమ్ గారూ, అంత చిన్న మూతతో పెడతన్నారు? పాపం పస్తుంటాది" అంది లాకు గట్టు మీంచి వంగి.

"ఎక్కువ పెడితే ఆగదండీ భూలక్ష్మి గారూ. తీపి ఉన్నంతసేపూ పెరుగుతూనే ఉంటుంది."

"మా ఇంటికొచ్చినోళ్ళూ అలాగే అంటారండీ, ఎక్కువైపోద్దని. ఆనక వాళ్ళే ఇస్తరి ముందుకి జరుపుతారు" అని పకపకా నవ్వింది. తర్వాత నవ్వాపి, తుప్పు పెచ్చులు రాలుతున్న తలుపు మీద చెయ్యి వేసింది. "గోడ బాగు చేత్తన్నారు, సంతోషం. మరి వీటి మాటేటండీ? కిందటేడు ఇది బిగుసుకుపోయి నా పడవ ఇందులోనే పగలంతా ఉండిపోయింది. కొబ్బరికాయలు ఎక్కడికీ పోవు, పర్లేదు. అదే పడవలో నిండు చూలాలుంటేనో?"

దమయంతి తలుపు వైపు చూసింది. మూతలో నీళ్ళు ఒలికాయి. ఆమె చేతిలో కొలత తప్పడం నేను చూడటం అదే మొదటిసారి.

సున్నం మాత్రం అద్భుతంగా పనిచేసింది. వేసవి అయ్యేసరికి నెర్రెలు మూసుకుపోయాయి. పెద్ద లస్కరు సత్తిరాజు సుత్తితో గోడంతా కొట్టుకుంటూ వెళ్ళి, "కంచులా మోగతందండీ" అన్నాడు. అన్నం దగ్గర దమయంతి సంస్థ భవనం గురించి చెప్పేది, ఎక్కడెక్కడ ఏ గది ఉండాలో కంచం మీద చూపుడువేలితో గీసేది. నేను ఊఁ కొట్టేవాణ్ణి. నా ఫైలు బీరువాలో పడుకుంది. ఆమె సంతోషం చూస్తే ముచ్చటేసేది, నా తలుపులు గుర్తొస్తే కడుపు మండేది. రెండూ ఒకే ముద్దతో మింగేవాణ్ణి.

నీళ్ళు వదిలే రోజు వచ్చింది.

మా కాలువ మీద ఒక ఆచారం ఉంది. వేసవిలో కట్టేసిన కాలువకి మళ్ళీ వదిలిన మొదటి నీళ్ళు లాకు దగ్గరికి చేరినప్పుడు ఆడవాళ్ళు పసుపు కుంకుమ చల్లి, లాకు గడప మీద ఒక బిందెడు పానకం పోస్తారు. ఒక్క బిందె. దమయంతి ఆ బిందెను కూడా లెక్కలోకి తీసుకుంది. ఆ తీపికి పైన పూత ఇంకాస్త గట్టిపడుతుంది, అంతకు మించి ఏమీ కాదని తేల్చింది. శాస్త్రవేత్తగా ఆమె లెక్కలో తప్పేమీ లేదు. తప్పల్లా ఆ జీవి బెల్లం తింటుందన్న వార్త కాలువ పొడుగునా పాకడంలో ఉంది.

తెల్లవారేసరికి గట్టు మీద తిరునాళ్ళ జనం. ప్రతి ఊరివాళ్ళూ సొంత బిందె తెచ్చారు. ఒక ఊరు ఇత్తడి బిందె తెస్తే పక్క ఊరు గుండిగ తెచ్చింది. ఇంటికి కొత్త అల్లుడొస్తే ఎలా హడావుడి పడతారో అలా ఉంది వాళ్ళ వరస. ముఖ్య అతిథిగా వచ్చిన దక్షిణామూర్తి గారు మొదటి బిందె పోశారు. చప్పట్లు. ఆ తర్వాత ఎవరి ఊరి పరువు వాళ్ళు నిలబెట్టుకున్నారు. పానకం అయ్యాక బెల్లం అచ్చులు పడ్డాయి. పాకం గిన్నెలు బోర్లించారు. అరిసెలు వేశారు. ఆత్రేయపురం నుంచి వచ్చిన ఒకాయన పూతరేకుల పెట్టె విప్పి ఒక్కొక్కటే భక్తిగా వదిలాడు.

"చాలండీ! అయ్యో, చాలు!" అని దమయంతి గట్టు పొడుగునా పరిగెత్తింది.

పాపం, ఆమె కృష్ణా జిల్లా పిల్ల. మా వైపు వడ్డించేటప్పుడు చాలంటే ఎవరూ ఆపరు. మొహమాటపడుతున్నారనుకుని మరో గరిటె వేస్తారు. ఆమె చాలన్నకొద్దీ వాళ్ళు ఇంకాస్త ప్రేమగా పోశారు. నేను పోలీసు చేత మైకులో చెప్పించాను. మైకులో వినపడ్డ 'చాలు'కి కూడా అదే మర్యాద జరిగింది. నీళ్ళు వచ్చి లాకులో నిండాయి. భూలక్ష్మి పడవ అందరికంటే ముందుగా లోపలికి వచ్చి నిలబడింది. పొద్దుపోయిందని తలుపులు మూసి, రేపు పొద్దున్నే కిందికి దించుతామని చెప్పి జనాన్ని పంపించేశాం.

పొద్దున్న సత్తిరాజు వచ్చి పిలిచేసరికి ఇద్దరం పరిగెత్తాం.

లాకు మొత్తం తెల్లగా ఉంది. తలుపుల మీద, కీళ్ళ మీద, చక్రాల మీద జానెడు మందాన రాయి పెరిగింది. పక్కనే కింది ఊళ్ళకు నీళ్ళు వదిలే తూము షట్టర్లు కూడా గోడలో గోడైపోయాయి. భూలక్ష్మి పడవ అడుగు రాతికి అంటుకుని అరుగులా నిలబడింది. ఆవిడ గట్టు మీద కూర్చుని తలపట్టుకుంది.

"మేమే పెట్టామండీ. మా చేతులతో మేమే పెట్టేం. మా ఊరి మంచినీళ్ళ చెరువు అడుగంటిపోయింది. రేపటికి బిందెడు నీళ్ళు లేవండీ" అంది. అంతగా గొంతు చిన్నబోవడం ఆవిడ దగ్గర నేనెప్పుడూ వినలేదు.

నలుగురు లస్కర్లూ సుత్తులూ ఉలులూ తీసుకుని దిగారు. ఒక చోట పగలగొట్టి రెండో చోటికి వెళ్ళేసరికి మొదటి చోట మళ్ళీ మీగడ కట్టేది. దమయంతి నీళ్ళు నాలిక మీద వేసుకుని చూసింది.

"నీళ్ళన్నీ పానకమే. ఈ తీపి కొట్టుకుపోవాలంటే నీళ్ళు పారాలి. పారడానికి దారి లేదు."

"పై నుంచి ఆపేస్తే?" అన్నాను.

"ఆపితే కొసలంకకి నీళ్ళెలా వస్తాయండీ?"

బ్యారేజి వాళ్ళకు ఫోను చేసి నీరు తగ్గించమన్నాను. అయినా వచ్చే నీరు వస్తూనే ఉంది. పై గట్టు అంచు తడుస్తోంది. ఇక మిగిలింది ఒకటే దారి. తలుపులూ షట్టర్లూ గ్యాస్ కట్టర్‌తో కోసి పడెయ్యాలి. కోస్తే నీళ్ళు పోతాయి. తర్వాత లాకుకి తలుపుల్లేవు. తలుపుల్లేని లాకులో పడవ దిగదు, పై ఊళ్ళకు నీరు నిలవదు. ఉన్న ముసలి తలుపుల్ని నా చేత్తో నేనే చంపితే, కొత్తవి రావని ఫైలు మీద రాసి ఉంది.

ఇరిగేషన్ బంగళాలో బస చేసిన దక్షిణామూర్తి గారు అప్పటికి వచ్చారు. అంతా చూశారు. ఆయన బుర్ర చురుకైంది, ఒప్పుకోవాలి.

"తీపి ఎన్నాళ్ళుంటుంది మేడమ్?" అన్నారు.

"వారం ఉండొచ్చు సార్."

"అయితే వారం ఆగుదాం. పై నుంచి నీళ్ళు పూర్తిగా ఆపించండి. తీపి అయిపోయాక అది నిద్రపోతుంది, అప్పుడు నెమ్మదిగా ఒలుచుకోవచ్చు. జనం అత్యుత్సాహం వల్ల చిన్న ఆలస్యం, అంతే. మీ ప్రయోగానికి మచ్చ రాదు. తలుపులు కోశారంటే మాత్రం ప్రయోగం చెడిందని నేనే రాయాలి. కొత్తవి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు."

దమయంతి భూలక్ష్మి వైపు చూసింది. "వారం ఆగగలరా?"

"లంకండీ మాది. ట్యాంకరు లారీ రావాలంటే పంటు ఎక్కి కాలవ దాటాలి. పంటు తేలాలంటే కాలవలో నీళ్ళుండాలండీ" అంది భూలక్ష్మి. అంతకు మించి ఏమీ అడగలేదు. బతిమాలలేదు.

"కొయ్యండి" అంది దమయంతి నా వైపు తిరిగి.

"దమయంతీ..."

"మీరు ఇంజనీరు. నేను చెప్తే కోసేదేముంది, మీకు తెలియదా ఏం చెయ్యాలో? నా మొహం చూసి ఆగుతున్నారు. చూడకండి. కొయ్యండి."

నిజమే, ఆమె మొహం చూసే ఆగాను. సస్పెండు చేస్తారనే భయం లేకపోలేదు, కానీ అది రెండోది. నేను తల తిప్పుకుని సత్తిరాజుకి చెయ్యి ఊపాను. కట్టర్ మంట నీలంగా లేచింది. ముందు షట్టర్లు కోశారు. తర్వాత తలుపుల పట్టీలు తెగాయి. టేకు చెక్కలు ఫెళఫెళమని విరిగి, రాతి పెచ్చులతో సహా కిందికి ఊడిపడ్డాయి. వాటి వెనకే కాలువ ఒక్కుమ్మడిగా కిందికి దూకింది. భూలక్ష్మి పడవ రాతి నుంచి ఊడివచ్చింది, నాలుగు మోకులతో బిగించి కట్టాం కనుక ఊగింది కానీ కొట్టుకుపోలేదు. నీళ్ళు కొసలంక దారి పట్టాయి. గట్టు మీద జనం అరిచారు. ఆ అరుపుల్లో నాకు దమయంతి ఊపిరి పీల్చిన చప్పుడు కూడా వినిపించింది.

మధ్యాహ్నం బంగళా వరండాలో మా ముగ్గురికీ మజ్జిగ ఇచ్చారు. ఎవరూ తాగలేదు.

"నేను దుర్మార్గుణ్ణి కాను విశ్వపతి గారూ" అన్నారు దక్షిణామూర్తి గారు. "నా దగ్గర ఉన్నది ఒకటే సంచి. ఈ ఏడాది కాలువల పేరు మీద కొత్తగా పెట్టిన డబ్బంతా మేడమ్ గారి సంస్థకు పోయింది, ప్రయోగం చెడినా అది ఆ పేరు మీదే ఉంది. అది మళ్ళిస్తే ఈ లాకుకీ దీని కింద ఉన్నవాటికీ తలుపులు, మోటార్లు వస్తాయి. మళ్ళించకపోతే భవనం లేస్తుంది, తలుపుల మాట నేను ఉన్నంతకాలం ఎత్తకండి. మళ్ళించాలంటే సంస్థ తరఫున ఒప్పుకోలు కావాలి. అంటే మేడమ్ సంతకం."

"రెండూ సగం సగం..." అన్నాను.

"సగం తలుపు బిగిస్తారా?"

దమయంతి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "సార్, నాకు మూడేళ్ళిస్తే కడుపు నిండాక తనే ఆగే రకాన్ని తయారుచెయ్యగలను. చెయ్యగలనని నాకు ఖాయంగా తెలుసు. గొప్ప కోసం చెప్పడం లేదు."

"నమ్ముతున్నాను. అది భవనం దారి. మరి ఈ మూడేళ్ళూ ఇక్కడ పడవలెలా దిగుతాయి?"

ఇన్నేళ్ళుగా నేను కలవరించిన తలుపులు ఒక్క సంతకం దూరంలో ఉన్నాయి. అప్పుడు నాకు కలిగిన కోరిక చెప్తే మీరు నవ్వుతారు. వద్దని చెప్పాలనిపించింది. సంతకం పెట్టొద్దు దమయంతీ, నీ భవనం నువ్వు కట్టుకో, నా ఫైలుకి అలవాటే అని అందామని నోరు తెరిచాను. గట్టు కింద పైనుంచి వచ్చిన పడవలు ఒకదాని వెనక ఒకటి ఆగి ఉన్నాయి. దిగే దారి లేక మనుషులు మూటలు నెత్తిన పెట్టుకుని గట్టు ఎక్కుతున్నారు. నోరు మూసుకున్నాను.

"సున్నం ఆగుతుంది" అంది దమయంతి. "నీళ్ళు ఆగవు కదా. కాగితం ఇలా ఇవ్వండి."

సంతకం పెట్టే ముందు ఒక్క వాక్యం అదనంగా రాయించింది. ఎక్కడైనా సరే, పనిచేసే తలుపులూ వాటిని కనిపెట్టుకుని ఉండే మనుషులూ లేని లాకుకి ఈ సున్నం వాడకూడదని. కార్యదర్శి గారు ఒకటికి రెండుసార్లు చదివి, తల ఊపి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ప్రయోగం చెడిందని రాశాక ప్రయోగశాల అద్దెకి వచ్చే డబ్బు ఆగిపోయింది. జాడీలు వదిలి రావడానికి లేదు. ఎవరైనా తెలియక ఏ చెరువులోనో పారబోస్తే ఆ తీపి జీవి ఏం చేస్తుందో మేం చూశాం. అందుకని చివరి రోజున ఇద్దరం వెళ్ళాం. నేను స్టవ్ మీద నీళ్ళు మరిగించి ఇచ్చాను. ఆమె ఒక్కొక్క జాడీలో పోసింది. ప్రతి జాడీకీ ఒక పేరుంది, నాకు ఆ రోజు దాకా తెలియదు. పోసే ముందు పేరు పైకి చదివేది. నాకు దుఃఖం ఆగలేదు. ఆమె మాత్రం ఏడవలేదు, చేతి గుడ్డతో బల్లలు తుడిచి, తాళం ఇంటివాళ్ళకిచ్చి వచ్చేసింది. ఆ తర్వాత కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరింది. అన్నం దగ్గర కంచం మీద గీతలు గీయడం మానేసింది.

తలుపులు వచ్చాయి. ప్రభుత్వం తలుచుకుంటే పని ఇంత త్వరగా జరుగుతుందని నాకు అప్పుడే తెలిసింది. మరుసటి వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు బిగించారు. అప్పటిదాకా ఇసుక బస్తాల అడ్డుకట్టతో నీరు నిలబెట్టి, సరుకు గట్టు మీదుగా మోసి నెట్టుకొచ్చాం. తుప్పు పట్టని ఉక్కు, నీటి మట్టం చూసుకుంటూ తెరుచుకునే మోటార్లు. నలుగురు లస్కర్లు చెమటోడ్చి తిప్పిన చోట ఇప్పుడు సత్తిరాజు ఒక్క మీట నొక్కుతాడు. ముగ్గురిని తీసేస్తారేమోనని మొదట బెంగపడ్డారు. దమయంతి రాయించిన వాక్యం వాళ్ళను కాపాడింది.

నీళ్ళు వదిలిన రోజు ఈసారి పోలీసులు బిందెల్ని లెక్కపెట్టి లోపలికి పంపారు. మొదటి పడవ మళ్ళీ భూలక్ష్మిదే. అడుగున అతుకులేసుకుని తయారైంది.

"ఎక్కండి మేడమ్ గారూ! మిమ్మల్ని దింపకుండా నేను దిగితే నాకు తిండి సయించదండీ. ఆయ్, ఇంజనీరు గారూ, మీరూ ఎక్కండి" అంది.

ఎక్కాం. వెనక తలుపులు చప్పుడు లేకుండా మూసుకున్నాయి. నీరు తగ్గుతుంటే పడవ దిగింది. ఇటూ అటూ గోడలు పైకి లేస్తున్నట్టుగా ఉంది. దమయంతి చెయ్యి చాపి గోడని తాకింది. పాత ఇటుకల మధ్య ఆమె సున్నం తెల్లటి నరాల్లా పాకి ఉంది. ఎక్కడా నెర్రె లేదు. అరచేత్తో రెండుసార్లు గట్టిగా కొట్టింది.

"గట్టిగానే ఉంది" అంది.

అప్పుడు ఏడ్చింది. జాడీల దగ్గర ఏడవాల్సిన ఏడుపంతా అక్కడ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సిగ్గుపడలేదు. భూలక్ష్మి చుక్కాని పట్టుకుని అటు తిరిగి నిలబడింది. మా ఏడుపు పూర్తయ్యేదాకా తలుపులు మాత్రం ఆగలేదు. నీటి మట్టం కలవగానే తెరుచుకున్నాయి. పడవ కదులుతుండగా దమయంతి కళ్ళు తుడుచుకుని, గభాలున వంగి, చీర పిన్నీసుతో గోడ మీద నిద్రపోతున్న తెల్లటి పొర కాస్త గీకి రుమాలులో మూట కట్టింది.

"ఏవండీ, నాకో గది చూసిపెట్టండి" అంది. "చిన్నదైనా పర్వాలేదు. కుళాయి ఉంటే చాలు."

మా క్వార్టర్సు వెనక పాత సామాన్ల గది ఒకటి ఉంది. చక్రం తిప్పే పని తప్పిన ముగ్గురు లస్కర్ల చేత ఆ సాయంత్రమే ఖాళీ చేయించాను.